మెడ నిలవని బొమ్మ

1978లో ఆ ఉద్యోగం సంగతి నాకు మొట్టమొదట చెప్పింది గ్లోరియా. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర మేం అద్దెకుండే రెండంతస్తుల అపార్ట్‌మెంట్లలో మాది పై వాటా, ఆవిడది కింది వాటా. పోర్టోరికో నుంచి చిన్నప్పుడే వచ్చేసిన మనిషి. దగ్గర్లోని వొకేషనల్ హైస్కూల్లో, అంటే చదువుతో పాటు ఏదో ఒక వృత్తి కూడా నేర్పే బడిలో, వంటగదిలో పనిచేసేది. భవనం అడుగున ఉన్న లాండ్రీ గదిలో శనివారాలు కలుసుకునేవాళ్ళం. ఆ రోజు దుప్పటికి చెరో కొస పట్టుకుని మడత పెడుతుంటే, "మా స్కూల్లో పసిపిల్లల గది తెరుస్తున్నారు. పిల్లల్ని ఎత్తుకోవడం, పాలు పట్టడం స్టూడెంట్స్‌కి చూపించే మనిషి కావాలట. నీ పేరు చెప్పేశాను," అంది.

నన్నడక్కుండానే చెప్పేశావా అన్నాను.

"అడిగితే వద్దంటావుగా," అంది, నా చేతిలోని కొస కూడా లాక్కుంటూ.

నిజమే, వద్దనేదాన్ని. నేను బడి మెట్టు ఎక్కిన మనిషిని కాను. చిన్నప్పుడు ఉబ్బసం. గుంటూరు వైపు మిషన్ బడిలో మేష్టారైన మా నాన్న సాయంత్రాలు వసారాలో కూర్చోబెట్టి పలక మీద తెలుగూ లెక్కలూ నేర్పారు. ఇంగ్లీషుకి మాత్రం ఇంట్లో ఉన్నది ఒక్కటే పుస్తకం, తాతగారి నాటి బైబిలు. అందుకని నా నోటికి ఈనాటికీ 'లుక్' కంటే 'బిహోల్డ్' అన్న మాటే ముందొస్తుంది. ఈ దేశం వచ్చాక, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, పరీక్ష కట్టి హైస్కూలు సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అంతవరకే నా చదువు. కనక ఆ సాయంత్రం మోకరించి, "తండ్రీ, చేతుల సంగతి నేను చూసుకుంటాను, నా నాలుక సంగతి నువ్వు చూసుకో," అని అడిగాను. ఆయన చూసుకున్నాడు, తన పద్ధతిలో.

ఆ గదికి పెద్ద మిసెస్ హార్ట్‌మన్. పిల్లల వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చిన రిజిస్టర్డ్ నర్సు. పొట్టిగా, గట్టిగా, ఇస్త్రీ చేసినట్టు ఉండేది. నన్ను చేర్చుకున్న రోజు ఒకే మాట అంది. "పసిబిడ్డను పట్టుకోవడం నీకు వచ్చు, అది నాకు కనబడుతూనే ఉంది. నీ చేతులకు తెలిసింది నోటితో చెప్పగలవా?" ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే పదిహేనేళ్ళు అక్కడ పనిచేశాను.

మా గదిని ఇన్‌ఫెంట్ లాబ్ అనేవాళ్ళు. లాబ్ అంటే పరీక్షనాళికలు కావు. అయిదారు క్రిబ్‌లు, అంటే పక్కలకు కటకటాలున్న పిల్లల మంచాలు. ఒక పొయ్యి, ఒక సింకు, పాలసీసాలు, గోడ వారగా మెత్తటి చాపలు. స్కూల్లో పనిచేసేవాళ్ళ పసిపిల్లలు పగలంతా అక్కడ ఉండేవారు. చైల్డ్ కేర్ చదివే పదహారు పదిహేడేళ్ళ స్టూడెంట్లు వాళ్ళను చూసుకోవడం నేర్చుకునేవారు. బిడ్డను ముట్టుకునే ముందు వాళ్ళంతా ప్లాస్టిక్ బొమ్మల మీద సాధన చెయ్యాలి.

ఆ బొమ్మలతోనే వచ్చింది చిక్కు. వాటి మెడ కర్రలా ఉండేది. కాలు పట్టుకుని ఎత్తినా తల వాలదు. అలా నేర్చుకున్న పిల్లలు అసలు బిడ్డ దగ్గరికి వచ్చేసరికి తల కింద చెయ్యి పెట్టడం మరిచిపోయేవారు. మొదటి వారంలోనే ఒకమ్మాయి రెండు నెలల బిడ్డను చంకల కింద పట్టుకుని లేపబోయింది. నేను పరుగెత్తి తల కింద చెయ్యి వేసి, కంగారులో, మన మాటనే ఇంగ్లీషులోకి దించేశాను. "మెడ నిలవలేదు" అనాలి కదా. "హర్ నెక్ హాజ్ నాట్ స్టుడ్!" అన్నాను.

గదంతా నవ్వు. మెడకు కాళ్ళుంటాయా మిస్ కె అని ఒకరు, మెడ ఇప్పుడు కూర్చుందా అని ఇంకొకరు. కరుణ అన్న పేరు వాళ్ళ నోట మిస్ కె అయింది. మిసెస్ హార్ట్‌మన్ నవ్వలేదు. "అదే సరైన మాట," అంది. ఆ మర్నాటి నుంచి ఏ బిడ్డను ఎత్తబోయినా ముందు ఆవిడ, "నెక్ నిలబడిందా?" అని అడిగేది. స్టూడెంట్లు జవాబు చెప్పాకే చెయ్యి వెయ్యాలి.

ఆ వారాంతం నేను పాత నేత చీర ఒకటి చించి బొమ్మ కుట్టాను. పొట్టలోనూ వీపులోనూ తలలోనూ బియ్యం పోసి, నెలల బిడ్డ బరువు వచ్చేదాకా చేతిలో తూచుకుంటూ నింపాను. తలను మాత్రం కావాలనే వదులుగా కుట్టాను, చెయ్యి తీస్తే వేలాడేటట్టు. మావారు సోఫాలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు.

"మన్‌హాటన్ దాకా వెళ్ళి మోసుకొచ్చిన బియ్యం. బొమ్మకు పోస్తున్నావు. మరి మనకో?" అన్నారు.

"మనకు మెడలు నిలిచాయి కదండీ, బ్రెడ్డు తిందాం," అన్నాను.

స్టూడెంట్లు దానికి బేబీ రైస్ అని పేరు పెట్టారు. దాని తల వాలిందంటే ఆ పూట ఎవరికీ అసలు బిడ్డ దక్కదు. నా బైబిలు ఇంగ్లీషు కూడా అలాగే పనికొచ్చింది. "ముందు బిహోల్డ్, తర్వాత హోల్డ్" అని ఒకసారి తడబడి అన్న మాట గది నియమం అయిపోయింది. బిడ్డ దగ్గరికి వెళ్ళి ముందు నిలబడి చూడాలి. మెలకువగా ఉందా, నోట్లో ఏమన్నా ఉందా, ముక్కు కట్టిందా, చెయ్యి ఎక్కడన్నా ఇరుక్కుందా. అప్పుడు ఎత్తుకోవాలి. చూడాల్సినంతసేపు చూడకుండా ఎత్తినవాళ్ళను మళ్ళీ వెనక్కి పంపేవాళ్ళం.

ఇక నేను చెప్పదలచుకున్న సంగతి 1983లోది. ఆ ఏడు మా గదికి రోండా వచ్చింది. పొడుగ్గా, పళ్ళకు తీగెలు కట్టించుకుని, నవ్వితే మెరిసేది. పుట్టినప్పుడు తగిలిన దెబ్బ వల్ల ఎడమ చెయ్యి సరిగా ఎదగలేదు. భుజం దాకా లేవదు, మోచెయ్యి కొంతవరకే మడుస్తుంది, వేళ్ళకు పట్టు తక్కువ. ఆ చేతిని ఎప్పుడూ స్వెటర్ జేబులో దాచి ఉంచేది.

మిసెస్ హార్ట్‌మన్ నన్ను పక్కకు పిలిచింది. ఆవిడ కఠినురాలు కాదు, ఉన్నమాట అనే మనిషి. "నాకు ఆ పిల్లంటే ఇష్టమే. కానీ పడిపోతే దెబ్బ తగిలేది ఆ పిల్లకు కాదు," అంది. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. వసంతం సెలవుల దాకా రోండా బేబీ రైస్‌తోనే సాధన చెయ్యాలి. తల వాలకుండా పట్టుకోవడం వస్తే, ప్రాక్టికల్ పరీక్ష మిగతావాళ్ళలాగే అసలు బిడ్డతో పెడతారు, ఆ బిడ్డ తల్లి ఒప్పుకుంటే. రాకపోతే వచ్చే ఏడాది వేరే క్లాసుకు మార్చేస్తారు.

ఏ క్లాసుకట అని రోండాను అడిగాను.

"టైపింగ్‌కి, మిస్ కె. రెండు చేతులు కావాలని ఇక్కణ్ణుంచి తీసేసి, పది వేళ్ళు కావాల్సిన చోటికి పంపుతారట," అంది.

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆ పిల్ల, బొమ్మ వంక చూస్తూ, అసలు సంగతి చెప్పింది. వాళ్ళ ఇంట్లో ఎన్నో బాప్తిస్మాలు జరిగాయట. ప్రతిసారీ బిడ్డను వరసగా అందరి చేతుల్లోకీ అందిస్తూ వస్తారు. రోండా దాకా వచ్చేసరికి బిడ్డ ఆమె మీదుగా దాటి పక్కవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతుంది. ఎవరూ ఏమీ అనరు, కసిరే మనుషులు కారు. ఊరికే దాటించేస్తారు. వాళ్ళ అక్కకు జూన్‌లో కాన్పు. "ఈసారి నా దగ్గర ఆగాలి," అంది.

బేబీ రైస్ తల ఆ నెలంతా వాలుతూనే ఉంది. కుడిచేత్తో తల పడితే నడుం జారేది, నడుం పడితే తల. ఎడమచేతిని జేబులోంచి తియ్యమంటే తీసేది, మరుక్షణం అది మళ్ళీ జేబులోకి పోయేది. నేను చెప్పిన సూత్రాలన్నీ రెండు చేతులున్నవాళ్ళకోసం చేసినవని అప్పుడే నాకు తెలిసింది.

ఒకరోజు తల వేలాడి వేలాడి బొమ్మ మెడ కుట్టు ఊడిపోయింది. సూదీ దారం తీసుకుని గోడకు చేరబడి, మన ఆడవాళ్ళు కూర్చున్నట్టే కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చున్నాను. బొమ్మను కాళ్ళ మధ్య గాడిలో పడుకోబెట్టి కుట్టడం మొదలెట్టాను. రోండా వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"మీరసలు దాన్ని పట్టుకోవడమే లేదు," అంది.

లేదే అని నేనూ చూసుకున్నాను. మా అమ్మమ్మ పిల్లలకు అలాగే నీళ్ళు పోసేదని చెప్పాను. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుంటే రెండు చేతులూ ఖాళీ. నూనె రాయడానికొకటి, నీళ్ళకొకటి. ఆ పిల్ల నా పక్కన వచ్చి కూర్చుని కాళ్ళు చాపి, "ఇటివ్వండి," అంది. బొమ్మ ఆమె కాళ్ళ మధ్య ఒదిగిపోయింది. తల ఎటూ వాలలేదు. పాలసీసా అందుకుంది.

"వద్దు," అని గుమ్మంలోంచి మిసెస్ హార్ట్‌మన్ గొంతు. "నీళ్ళు పోయడానికి అది బాగానే ఉంటుందేమో. పాలకు పనికిరాదు. వెల్లకిలా పడుకున్న బిడ్డకు పాలు పడితే ఊపిరిగొట్టంలోకి పోతాయి, చెవిలోకీ పోతాయి. పొట్ట కంటే తల ఎత్తుగా ఉండాలి."

ఆవిడ అన్నది నిజం. మన ఇళ్ళల్లో కాళ్ళ మీద వెల్లకిలా వేసుకుని ఉగ్గుగిన్నెతో పోసేవాళ్ళు. బిడ్డలు బతికారంటే అది దేవుడి దయే. నేను బొమ్మను తియ్యబోయాను. రోండా ఇవ్వలేదు. కాసేపు తన కాళ్ళ వంకే చూసుకుంది. తర్వాత పాదాలు నేలకు ఆనించి, మోకాళ్ళు మెల్లగా పైకి మడిచింది. బొమ్మ తల మోకాళ్ళ దగ్గరికి లేచింది, పిర్రలు ఆమె పొట్టకు ఆనాయి. వాలుకుర్చీలో కూర్చున్నట్టు బేబీ రైస్ ఆమె మొహంలోకే చూస్తోంది.

మిసెస్ హార్ట్‌మన్ వచ్చి నేల మీద కూర్చుంది. ఆవిడ నేల మీద కూర్చోగా నేను చూడటం అదే మొదలు. వంగి పక్కనుంచి వాలు చూసింది. "ఇంకాస్త పైకి," అంది. రోండా మోకాళ్ళు ఇంకాస్త లేపింది. "మెడ ముందుకు మడత పడకుండా చూడు. ఆ, అక్కడ." తర్వాత నా వైపు తిరిగి, "నన్ను లేపు," అంది. అదే ఆవిడ అంగీకారం.

ఆ తర్వాత పని చకచకా సాగింది. క్రిబ్‌లోంచి ఎత్తడానికి మిసెస్ హార్ట్‌మన్ ఒక ఉపాయం చెప్పింది. బిడ్డను నీ దగ్గరికి లాక్కోకు, నువ్వే బిడ్డ దగ్గరికి వెళ్ళు, అని. కటకటం దించి, ఛాతీ బిడ్డకు ఆనేదాకా వంగి, కుడి ముంజేతి మీద తలనూ వీపునూ ఎక్కించుకుని, ఎడమ ముంజేతిని పిర్రల కింద అరలా పెట్టి, అప్పుడు నడుం ఎత్తాలి. బిడ్డతో నేల మీదికి దిగడం, నేల మీంచి లేవడం మాత్రం ఎప్పటికీ చెయ్యకూడదు. ఇంకొకరు అందించాలి, ఇంకొకరు అందుకోవాలి. ఇక త్రేన్పు తెప్పించడం. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టి కుడిచేత్తో గడ్డం, ఛాతీ పట్టుకుని కాస్త ముందుకు వంచితే, వీపు తట్టడానికి పట్టులేని ఎడమ చెయ్యే మిగిలింది. మిగతా స్టూడెంట్లు చాపను దులిపినట్టు తట్టేవారు. రోండా చెయ్యి పావురం రెక్కలా పడేది. అప్పటినుంచి ఆ చెయ్యి జేబులోకి పోవడం తగ్గింది.

ఇక కావలసింది బిడ్డ. ముందు ఒక టీచరును అడిగాం. ఆవిడ చాలా మర్యాదగా, ఆ రోజు తన బాబుకు జలుబుగా ఉంటుందేమో అంది. రెండు వారాల తర్వాత రాబోయే జలుబు అది. ఆవిణ్ణి ఏమీ అనలేను. మా పిల్లలు చంటివాళ్ళుగా ఉన్నప్పుడు ఎవరైనా అడిగుంటే నేనూ ఏదో జలుబు వెతుక్కునేదాన్నే. ఆ మధ్యాహ్నం రోండా చెయ్యి మళ్ళీ జేబులో కనబడింది.

గ్లోరియాకు అప్పుడు మూడు నెలల కూతురు. పేరు మరిసోల్. చాలా ఏళ్ళు ఎదురుచూశాక, ఇక పుట్టరనుకున్నాక పుట్టిన బిడ్డ. పగలు మా గదిలోనే ఉండేది. అందుకే ఆవిణ్ణి అడగడానికి నాకు నోరు రాలేదు. స్నేహాన్ని అడ్డం పెట్టి అడిగినట్టుంటుందని. కానీ వంటగదికి తెలియని వార్త స్కూల్లో ఉండదు. మర్నాడు చేతులు తుడుచుకుంటూ మా గదికి వచ్చి, "నా కూతుర్ని ఎందుకడగలేదు?" అంది.

నేను నసిగాను. మెడ ఇంకా పూర్తిగా నిలవలేదు కదా అన్నాను.

"చూడు, ఆ పొడుగుపిల్ల రోజూ నా భోజనాల లైన్లోకి వస్తుంది. ట్రే ఒక్క చేతి మీద పెట్టుకుని, నిండా సూప్ పోయించుకుని, ఆ అల్లరిమూకలోంచి నడిచిపోతుంది. ఒక్క చుక్క ఒలకగా నేను చూడలేదు. రెండు చేతులూ ఉన్నవాళ్ళ వెనక మాత్రం రోజూ తుడుస్తున్నాను. పైగా సూప్ తిరిగి పట్టుకోదు. నా కూతురు పట్టుకుంటుంది," అంది.

ప్రాక్టికల్ రోజున గ్లోరియా పొద్దున్నే మరిసోల్‌ను క్రిబ్‌లో పడుకోబెట్టి, రోండా బుగ్గ మీద ఒకటి తట్టి, వంటగదికి వెళ్ళిపోయింది. ఉండమని నేనన్నాను. చిక్కుళ్ళు మాడిపోతాయంది.

రోండా క్రిబ్ దగ్గర నిలబడింది. చూసింది. ఎంతసేపు చూసిందంటే, వెనకనుంచి ఎవరో "బిహోల్డ్ అయిపోయింది, ఇక హోల్డ్ చెయ్యి," అని గుసగుసలాడారు. ఆమె తొందరపడలేదు. వంగి, మరిసోల్ గుప్పెట్లో ఇరుక్కున్న దుప్పటి కొసను విడిపించి, అప్పుడు ఛాతీ ఆనించి ఎత్తింది. తల ముంజేతి మీద, పిర్రలు అర మీద. నేను బిడ్డను అందుకున్నాను, ఆమె గోడకు చేరబడి కూర్చుంది, మళ్ళీ అందించాను. మోకాళ్ళు లేచాయి. పాలచుక్క మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకుంది. పాలపీక నిండా పాలు ఉండేలా సీసా వంచింది, గాలి పోకుండా. మరిసోల్ ఆబగా అందుకుంది.

సగం సీసా అయ్యాక బిడ్డకు పొలమారింది.

చిన్న దగ్గు, తర్వాత ఇంకోటి, మొహం ఎర్రబడింది. నా చెయ్యి దానంతటదే లేచింది. మన ఇళ్ళల్లో పొలమారితే నెత్తి మీద తడతాం కదా, ఆలోచనతో పనిలేకుండా. మూడు నెలల బిడ్డ, మాడు కూడా పూడని తల. ఆ చెయ్యి అక్కడికి చేరకముందే మిసెస్ హార్ట్‌మన్ నా మణికట్టు పట్టుకుంది. మెల్లగా, గట్టిగా. కళ్ళు మాత్రం రోండా మీదే. "ఉండు," అంది నాతో. నేను లోపల ప్రార్థన మొదలుపెట్టాను, మాటలు కూడా లేని ప్రార్థన.

రోండా అప్పటికే పాలపీక తీసేసింది. సీసా పక్కన పెట్టి, కుడిచేత్తో గడ్డం, ఛాతీ పట్టి బిడ్డను కూర్చోబెట్టి ముందుకు వంచింది. ఎడమచెయ్యి వీపు మీద వేసి ఆపింది. తట్టలేదు, కదపలేదు. బిడ్డ దగ్గును బిడ్డనే దగ్గనిచ్చింది. "నేనున్నాను, నేనున్నాను," అంటోంది. మరిసోల్ ఇంకోసారి దగ్గి, బలంగా ఊపిరి తీసుకుని, ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపంత చక్కటి పాట నేను ఏ గుడిలోనూ వినలేదు. అప్పుడు పావురం రెక్క మొదలైంది. కాసేపటికి పెద్దమనిషి విందులో త్రేన్చినట్టు ఒక త్రేన్పు, దానివెనకే రోండా బ్లౌజు మీద పాలు.

గదంతా చప్పట్లు. మిసెస్ హార్ట్‌మన్ నా మణికట్టు వదిలింది. "మిగతా పాలు పట్టు," అంది రోండాతో. పట్టింది. సీసా ఖాళీ అయ్యాక, "బ్లౌజు మార్చుకో. పాసయ్యావు," అంది.

వంటగదికి నేనే పరుగెత్తాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, పొలమారడం కూడా దాచలేదు. మా దేశంలో పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అంటామని కూడా చెప్పాను. గ్లోరియా గరిటె పక్కన పెట్టి కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది.

"అయితే తప్పు ఆ పిల్లది కాదు, నాదే. పొద్దుటి నుంచి ఇంకో పని చేస్తే ఒట్టు," అంది.

మరి వచ్చి చూడొచ్చు కదా, ఇంత దూరంలో నిలబడి అవస్థ పడకపోతే, అన్నాను.

"బిడ్డ బరువు చాలదా ఆ పిల్లకు? నా చూపు బరువు కూడా మొయ్యాలా?" అంది.

జూన్‌లో రోండా అక్కకు కొడుకు పుట్టాడు. సెలవులు అయ్యాక రోండా ఆ కబురు చెప్పడానికి రెండు మెట్లు ఒక్క అంగలో ఎక్కుతూ వచ్చింది. బాప్తిస్మం రోజున ముందే గోడ దగ్గర కూర్చుని సిద్ధంగా ఉందట, తాను అడగాలేమో, నచ్చచెప్పుకోవాలేమో అని. "అడగనే లేదు మిస్ కె. మా అక్క సరాసరి తెచ్చి ఇచ్చేసింది. ఇచ్చేసి కేక్ తినడానికి వెళ్ళిపోయింది," అంది. ఆ కేక్ సంగతి చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాల్సింది. తర్వాత చాలా ఏళ్ళు రోండా ఒక డే కేర్‌లో పసిపిల్లల గది చూసుకుంది. అక్కడ కొత్తవాళ్ళకు మొదటి రోజే, "నెక్ నిలబడిందా?" అని నేర్పుతోందని విన్నాను. గుంటూరు మాట ఒకటి అలా న్యూజెర్సీలో స్థిరపడింది, మాలాగే.

ఆ ఏడాది నాకు తెలిసివచ్చింది ఒకటుంది. తల కింద చెయ్యి ఎలా పెట్టాలో ఎవరైనా చెప్పగలరు. బియ్యం బొమ్మతో కొంత నేర్పవచ్చు. ఆ మిగిలిన కాస్తా రావాలంటే మాత్రం, ఎవరో ఒక తల్లి తన బిడ్డను పని ఇంకా రాని చేతుల్లో పెట్టి, చిక్కుళ్ళు మాడిపోతాయని వెళ్ళిపోవాలి. మన చేతులన్నీ అలాంటి ఎవరి దయతోనో పని నేర్చుకున్నవే. నా చేతులూ అంతే. లాండ్రీ గదిలో నన్నడక్కుండా నా పేరు చెప్పేసిందీ ఆవిడే కదా.

గ్లోరియా ఇప్పుడు ఫ్లోరిడాలో మరిసోల్ దగ్గర ఉంటోంది. మోకాళ్ళ నొప్పులు తప్ప బాగానే ఉంది. ఇది చదివినవాళ్ళను నేను అడిగేది ఒక్కటే. మీ చేతికి ఎవరైనా తమ పసిబిడ్డను అందించినప్పుడు గ్లోరియాను ఒక్కసారి తలుచుకోండి. ప్రార్థన చేసే అలవాటున్నవాళ్ళు ప్రార్థనలో, లేనివాళ్ళు ఊరికే పేరు పెట్టి. అక్కడ ఆవిడకు కాస్త పొలమారినా ఫరవాలేదు. ఎందుకో ఆవిడకు తెలుసు.